ఓట్వే దొర అవుట్ కాలేదు

హామ్ ముక్క గొంతు దిగడం లేదు, వండినవాళ్ళ తప్పేం లేదు, ఉప్పు సరిపోయింది, ఆవముద్ద ఘాటుగానే ఉంది, రొట్టె ఉదయం కాల్చిందే, తప్పంతా ఈ గదిది, ఒక్కడికి ఇంత గది ఎందుకు, పదిమంది దొరలు ఒకేసారి బట్టలు మార్చుకోవచ్చు ఇందులో, గోడవారగా తోలు సోఫా, నిలువుటద్దం, పింగాణీ తొట్టి, వేడినీళ్ళు, తెల్ల తువ్వాళ్ళ దొంతర, ఇన్నీ ఇవాళ ఒక్క సిరిల్ ఓట్వే కోసం, డబ్బు పుచ్చుకోకుండా సరదాకి ఆడతాడు కనక ఇతను దొర, కౌంటీ జట్టులో మిగతా పదిమందీ జీతానికి ఆడేవాళ్ళు, వాళ్ళ గది గోడకి అవతల ఉంది, అందులో రెండు బల్లలూ ఒక చన్నీళ్ళ కొళాయీ, మోకాళ్ళకి మోకాళ్ళు రాసుకుంటూ కూర్చుని రొట్టే జున్నూ తింటున్నారు, నవ్వుతున్నారు, ఎందుకు నవ్వుతున్నారు, భోజనాల విరామం ఇచ్చింది నవ్వుకోవడానికా, అసలు కెప్టెను అడవికోళ్ళ వేటకని స్కాట్లాండు వెళ్ళిపోయాడు, ఆగస్టు నెల నడిమికి వచ్చిందంటే ఆయనకి బ్యాటు కంటే తుపాకీ ముద్దు, ఇంకో దొరకి చెల్లెలి పెళ్ళి, మరొకాయనకి పడిశం, జీతగాడు ఎంత మొనగాడైనా జట్టుని నడిపించకూడదు, దొర ఎంత దద్దమ్మైనా నడిపించవచ్చు, అదీ ఇక్కడి ఆనవాయితీ, అందుచేత పదకొండుమందిలోకీ పనికిమాలినవాడెవడో వాడే ఈ ఆటకి కెప్టెను, ఏడాది పొడుగునా చిన్నపిల్లలకి లాటిన్ విభక్తులు వల్లె వేయించి, సెలవుల్లో ఒక్క ఆగస్టు నెల మాత్రం మనిషిలా ఊపిరి పీల్చుకునే బడిపంతులు, ఆ పంతులు ఇప్పుడు తొమ్మిది పరుగుల మీద అవుట్ కాకుండా ఉన్నాడు, ఎందుకు ఉన్నాడో మైదానం మొత్తంలో ఇద్దరికే తెలుసు.

ఇద్దరికే, తనకీ ఈనక్ పాస్కోకీ, గోడ అవతలి నవ్వుల్లో పాస్కో గొంతు వినబడడం లేదు, ఆయన నవ్వు లోతుగా బావిలోంచి వచ్చినట్టుంటుంది, వస్తే తెలుస్తుంది, రావడం లేదు, ఎలా వస్తుంది, నలభై రెండేళ్ళ మనిషి, తను నిక్కర్లు వేసుకునే రోజుల నుంచీ ఈ కౌంటీకి ఆడుతున్నాడు, ఎడమ మోకాలు వాన పడితే మొరాయిస్తుంది, ఈ సాయంత్రం ఆరింటికి కమిటీ పెద్దలు కూర్చుని వచ్చే ఏడాదికి ఎవర్ని ఉంచాలో ఎవర్ని సాగనంపాలో తేలుస్తారు, సాగనంపితే ఆయనకి బావమరిది చేపల దుకాణమే గతి, ఏం పాస్కో, వచ్చే వేసవికి మాకో మంచి చేప చూసి పెడతావా అని తోటి జీతగాళ్ళు ఏడిపిస్తారు, ఆయనా నవ్వుతాడు, తల తీసి ఇమ్మంటావా, తలతోనే ఇమ్మంటావా అంటాడు, కానీ ఆయన భార్య స్కోరుబోర్డు కింద చవకబారు బెంచీ మీద కూర్చుని అల్లుకుంటూ ఉంటుంది, ఆవిడ మాత్రం నవ్వదు, నిన్న ఫీల్డింగ్ చేసినంతసేపూ పేరుకి కెప్టెను తను, నడిపింది పాస్కో, ఆయన దగ్గితే బౌలర్ని మార్చాలి, టోపీ సర్దుకుంటే దూరంగా ఒకణ్ణి నిలబెట్టాలి, ఎవరి కంటా పడకుండా, దొరగారి పరువు పోకుండా, మధ్యాహ్నం ఆయనకి నిజంగానే దగ్గు తెర వచ్చింది, తను వెంటనే బ్రహ్మాండంగా వేస్తున్న బౌలర్ని తీసేసి ఇంకొకడికి బంతి ఇచ్చాడు, అప్పుడు పాస్కో మొహం చూడాలి, దగ్గుని మింగుతూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, ఆ మనిషికా తను ఇవాళ ఇది చేసింది, చెయ్యలేదు, జరిగింది, చెయ్యడం వేరు జరగడం వేరు, భోజనాలకి ఇంకో రెండు ఓవర్లున్నాయి, పాస్కో ముప్పయ్యొక్క పరుగుల మీద కుదురుగా ఆడుతున్నాడు, బంతి ఆయన బ్యాటుకి తగిలినప్పుడు వచ్చే చప్పుడే వేరుగా ఉంది, తను బంతిని కుడివైపుకి తోశాడు, రా అని కేకేశాడు, తనే, గొంతెత్తి, నాలుగడుగులు వేశాడు, ఫీల్డరు బంతి మీదకి వంగడం చూశాడు, ఆగిపోయాడు, పాస్కో కేక వినగానే బయల్దేరినవాడు, మోకాలి నొప్పితోనే తనని దాటుకుని వచ్చి గీత లోపల బ్యాటు ఆనించాడు, ఆయన బతికిపోయాడు, గీత బయట దిక్కులేకుండా నిలబడ్డది ఓట్వే, అవతలి వికెట్టు కొడితే అవుటయ్యేది ఓట్వే, ఫీల్డరు కంగారులో బంతి జారవిడిచాడు, ఏరుకున్నాడు, అంతలో ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, పాస్కో గీత దాటి బయటికి వచ్చాడు, లోపలికెళ్ళండి దొరగారూ, అన్నాడు, వాన పడుతోంది లోపలికి రండి అన్నంత మామూలుగా, తనని దాటి అవతలి కొసకి వెళ్ళాడు, అదీ పరుగు కూడా కాదు, నడకకి కొంచెం ఎక్కువ, బంతి వచ్చింది, వికెట్లు పడ్డాయి, పాస్కో రనౌట్.

కాళ్ళు చచ్చుబడిపోయాయి, అంతే, అందరికీ జరుగుతుంది, యుద్ధంలో సైతం ఎంతమందికి జరగలేదు, తను యుద్ధానికి వెళ్ళే వయసు వచ్చేసరికి అది అయిపోయింది, సరే, అయినా కాళ్ళు చచ్చుబడడం నేరం కాదు, నేరం కాకపోతే ఈ హామ్ ముక్క గొంతులో ఎందుకు అడ్డం పడింది, లోపలికెళ్ళండి అనగానే ఎలా వెళ్ళాడు తను, తడబడకుండా, మూడు అంగల్లో, చచ్చుబడిన కాళ్ళు అంత చురుగ్గా ఎలా కదిలాయి, వద్దు, ఆ దారిన పోవద్దు, మేజర్ విల్మాట్‌కి చెప్పేస్తే సరి, కమిటీ కార్యదర్శి ఆయన, ఆయన మాటకి అక్కడ తిరుగులేదు, పాస్కో తనంతట తను రనౌట్ కాలేదండీ, కేకేసింది నేను, ఆగింది నేను, అవుట్ కావలసింది నేను అని చెప్పాలి, చెబితే ఏమవుతుంది, మహా అయితే మిగిలిన ఆగస్టంతా జట్టులో ఉండడు, మహా అయితేనా, అదేం తక్కువా, ఇంకా మూడు ఆటలున్నాయి, ఇంతవరకూ కౌంటీకి ఆడి ఒక్కసారైనా యాభై కొట్టలేదు, ఒకసారి నలభై ఆరు దగ్గర పోయాడు, ఆ నాలుగు పరుగులూ చలికాలం రాత్రుళ్ళు పక్కమీద దొర్లుతూ ఎన్నిసార్లు కొట్టుకున్నాడో, పిల్లలు లాటిన్ తప్పులు చదువుతూంటే కూడా బల్ల కింద బొటనవేలితో బ్యాటు పట్టు సరిచూసుకుంటాడు, చిన్నప్పుడు నాన్నగారి చర్చి పక్క పచ్చికలో తోటమాలి ఏమస్ బంతులు వేసేవాడు, ప్రతి బంతీ కొట్టడానికి వీలుగా వచ్చేది, నేను భలే ఆడుతున్నాను కదూ ఏమస్ అంటే, తమరికేం బాబూ, పుట్టుకతోనే వచ్చింది అనేవాడు, పాపం ఏమస్, చెమటలు కక్కుతూ కంచె అవతల పడ్డ బంతులన్నీ తనే ఏరుకొచ్చేవాడు, అబ్బ, ఏమస్ ఎందుకు గుర్తొచ్చాడు ఇప్పుడు, మేజరు వస్తే చెప్పెయ్యాలి, వణక్కుండా, మొదటి మాట అనేస్తే మిగతావి అవే వస్తాయి.

మేజరే వచ్చాడు, తలుపు కొట్టకుండా, పైపు పొగ ముందు వచ్చింది, మీసం తరవాత వచ్చింది, ఏమోయ్ ఓట్వే, ఒంటరిగా మహారాజులా కూర్చున్నావు, బాగా నిలబడ్డావయ్యా పొద్దున్న, నీ మీద నాకు పెద్ద ఆశేం లేదు సుమా, నిలబడ్డావు, మధ్యాహ్నం కూడా ఆ బ్యాటు కాస్త నిటారుగా పట్టుకో చాలు, అని సోఫాలో కూలబడ్డాడు, ఓట్వే నోరు పెగుల్చుకుని, మేజర్ గారూ, పొద్దున్న పాస్కో రనౌట్ సంగతి, అది ఆయన తప్పు కాదండీ, కేకేసింది నేనే, మధ్యలో ఆగిందీ నేనే, ఆయన గీత లోపలే ఉన్నాడు, అని ఒక్క ఊపిరిలో అనేశాడు, అనేసి చెవులు కాలుతూ నేల చూశాడు, మేజరు పైపు తీసి నవ్వాడు, తిట్టలేదు, ఆశ్చర్యపోలేదు, నవ్వాడు, ఓరి పిచ్చివాడా, అది నువ్వు చెప్పాలా, నేను గుడ్డివాణ్ణా, అందరూ చూశారు, మన క్లబ్బు అధ్యక్షులు లార్డుగారి పక్కన కూర్చున్న ముసలావిడ కూడా చూసింది, చేతికర్రతో నేల తట్టి, మంచివాడు పాస్కో, పద్ధతి తెలిసినవాడు అంది, జట్టు కెప్టెను, అందులోనూ దొర, ఆయన అవుటయ్యేటట్టుంటే జీతగాడు తన వికెట్టు ఇవ్వక మరెవరిస్తారు, ఇవ్వకపోతే అప్పుడు అనుకోవాలి, పాస్కో పాతకాలం మనిషి, చెప్పించుకోడు.

అందరూ చూశారు, రహస్యమని తను ఇంతసేపూ పొట్టలో దాచుకుని గింజుకున్నది మైదానమంతా చూసి చేతికర్ర తట్టి మెచ్చుకుంది, అయితే మరి మంచిదే కదండీ, పద్ధతి తెలిసినవాడు కనక ఉంచుతారు కదా ఆయన్ని, అన్నాడు ఓట్వే, తన గొంతు తనకే చిన్నపిల్లాడి గొంతులా వినిపించింది, మేజరు మొహంలో నవ్వు పోలేదు గాని కొంచెం పలచబడింది, అదేనయ్యా వచ్చిన చిక్కు, పాస్కో అయిపోయాడని కమిటీలో సగంమంది నెలరోజులుగా నా ప్రాణం తీస్తున్నారు, నేనే అడ్డుపడి, చూడండి, ఈ ఆటలో యాభై కొట్టనివ్వండి, కొడితే ఇంకో ఏడాది ఉంచుదాం, కొట్టకపోతే మీ ఇష్టం అన్నాను, ముప్పయ్యొకటికి పోయాడు, వాళ్ళు పట్టుకునేది ఆ ముప్పయ్యొకటినే, ఎలా పోయాడని ఎవరడుగుతారు, మరి రెండో ఇన్నింగ్సు ఉంది కదండీ, రేపటి దాకా ఆట ఉంది కదండీ, కమిటీ కూర్చునేది ఇవాళ సాయంత్రం కదటోయ్, రాబోయే వాటి గురించి మేం జోస్యాలు చెప్పుకోం, పోనీ నేను వచ్చి కమిటీతో మాట్లాడనా, నువ్వా, మేజరు మళ్ళీ పెద్దగా నవ్వాడు, నిన్ను వచ్చే ఏడాది ఆడిస్తారో లేదో అదే నాకు తెలియదు, నువ్వొచ్చి ఇంకొకరికి సిఫారసు చేస్తావా, నువ్వు చెయ్యవలసింది ఒకటుంది, కెప్టెనువి కనక ఆ కబురు నువ్వే చెప్పాలి పాస్కోకి, ఆనవాయితీ, ఇప్పుడే చెప్పెయ్యి, సాయంత్రం దాకా ఆశ పెట్టడం ఎందుకు, మొహం అలా పెట్టకు, వాళ్ళకి అలవాటే, అని లేచి, ఓట్వే కంచంలో మిగిలిన హామ్ ముక్క ఒకటి నోట్లో వేసుకుని, బాగుందే, అంటూ వెళ్ళిపోయాడు.

ఆనవాయితీ, వికెట్టు ఇవ్వడం ఆనవాయితీ, ఇచ్చినవాడికి ఉద్యోగం ఊడిందని ఇప్పించుకున్నవాడు వెళ్ళి చెప్పడం కూడా ఆనవాయితీయే, ఎవరు కనిపెట్టారో గాని బాగా కనిపెట్టారు, వెనకడుగు వెయ్యకుండా మూడు మెట్లు దిగాడు, మలుపు తిరిగాడు, జీతగాళ్ళ తలుపు ముందు నిలబడ్డాడు, లోపల ఎవరో, రండి, వద్దు, రండి, అని గొంతు మార్చి అంటున్నారు, పెద్ద నవ్వు, అనుమానం లేదు, తన గురించే, ఈ తలుపు ఎలా తట్టాలో కూడా తెలియదు తనకి, దొరలెవరూ ఇక్కడికి రారు, కావలసినవాణ్ణి కబురు పెట్టి పిలిపించుకుంటారు, తట్టాడు, నవ్వు కత్తిరించినట్టు ఆగిపోయింది, తలుపు తెరుచుకునేసరికి తొమ్మిదిమందీ లేచి నిలబడి ఉన్నారు, నోట్లో ముద్దలతో, ఒకడు బీరు గ్లాసు వీపు వెనక దాస్తూ, బడిలో పిల్లలు సరిగ్గా ఇలాగే నిలబడతారు తను లోపలికి వెళితే, కూర్చోండి కూర్చోండి, పాస్కోతో ఒక్క మాట, పాస్కో మూల నుంచి లేచాడు, మోకాలికి తడిగుడ్డ చుట్టుకుని ఉంది, చేతిలో సగం కొరికిన రొట్టె, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుని బయటికి వచ్చి తలుపు మూశాడు, చెప్పండి దొరగారూ, మజ్జాన్నం ఆ ఎడం చేతివాడు మళ్ళీ ఏస్తాడు, జాగర్త, వాడి బంతి లోపలికొచ్చేది ఒకటుంది, చెయ్యి కొంచెం కిందకి దించి ఏస్తాడు దాన్ని, అని ముందే అందుకున్నాడు, దాంతో మొదలెట్టడం మరీ కష్టమైపోయింది, పాస్కో, అదికాదు, కమిటీ, మేజర్ గారు నన్ను, అని మూడుసార్లు మొదలెట్టి మూడుసార్లూ ఆపాడు, పాస్కో రొట్టె కేసి చూసుకున్నాడు, అయితే తీసేశారన్నమాట, అన్నాడు మెల్లిగా, పాపం మిమ్మల్ని పంపించారా చెప్పడానికి, పోయినేడు డికెన్ గాడికి చెప్పినప్పుడు పెద్ద కెప్టెన్ గారు రెండు పెగ్గులేసుకొచ్చారు లెండి, మీరు ఉత్తినే వచ్చారు.

ఓదారుస్తున్నాడు, ఉద్యోగం పోయినవాడు పోగొట్టినవాణ్ణి ఓదారుస్తున్నాడు, అది నా వల్లే పాస్కో, నువ్వు గీత లోపలే ఉన్నావు, నేను సాయంత్రం కమిటీ దగ్గరికి వెళ్ళి నిలదీస్తాను, నన్ను జట్టులోంచి తీసేసినా సరే, అన్నాడు ఓట్వే, అలా అంటున్నప్పుడు మాత్రం కొంచెం హాయిగా ఉంది, నిజంగానే వెళ్ళేవాడేనేమో, పాస్కో కంగారుపడి చెయ్యి అడ్డం పెట్టాడు, రొట్టె ముక్క ఓట్వే చొక్కాకి తగిలింది, బాబ్బాబు, అంత పని చెయ్యకండి, ఇప్పుడైతే నా పేరు బాగుంది, దొరగారి కోసం వికెట్టు ఇచ్చేశాడు పాస్కో అంటున్నారు, అది చెప్పుకుని ఏ బడిలోనో మైదానం చూసుకునే పని అడుక్కోవచ్చు, మీరెళ్ళి గొడవ పెట్టారనుకోండి, పాస్కోగాడే ఎగదోశాడంటారు, అప్పుడు ఆ సిఫారసు ముక్క కూడా ఇవ్వరు, చేపలు తోముకోవాలి, మా ఆవిడకి ఆ కంపు పడదండీ, సరే పాస్కో, నీ ఇష్టం, కానీ ఒక్కటి చెప్పు, ఎందుకు బయటికి వచ్చావు, నువ్వు బతికిపోయావు కదా, యాభై కొడితే ఉంచుతారని నీకూ తెలిసే ఉంటుంది, తెలుసండీ, అందరికీ తెలుసు, మరి, పాస్కో వంగి మోకాలి మీది తడిగుడ్డ సర్దుకున్నాడు, లోపల ఎవరో బల్ల జరిపిన చప్పుడైంది, తరవాత కోపం లేకుండా, తగ్గించకుండా, ఉన్నది ఉన్నట్టుగా, చెప్పాలంటే నాకూ ఓ పక్క ఉండిపోదామనే అనిపించిందండీ, ఇయ్యాళొక్కరోజు ఉండిపోదామని, అందుకే వెంటనే కదల్లేదు, మీ కేసి చూశాను, మీరూ నా కేసి చూశారు కదండీ, చూస్తే, చూస్తే ఏముందండీ, చూశారు, ఎళ్ళాను, అన్నాడు.

గంట మోగింది, అంపైర్లు బయల్దేరారు, పాస్కో, బాగా ఆడండి దొరగారూ, అని లోపలికి వెళ్ళిపోయాడు, ఓట్వే మెట్లెక్కి బ్యాటు తీసుకుని పెవిలియన్ నడిమి గుమ్మంలోంచి దిగాడు, అవతలి కొసన ఆడవలసిన కుర్ర జీతగాడు పక్క గుమ్మంలోంచి దిగాడు, ఇద్దరూ చెరో దారినా నడిచి మైదానం మధ్యలో కలుసుకున్నారు, కుర్రాడు టోపీ తాకి, నేను మీ కేకే వింటానండీ అన్నాడు, తలెత్తి మొహం చూడకుండా, స్కోరుబోర్డు కింద బెంచీ ఖాళీగా ఉంది, ఆవిడకి అప్పుడే తెలిసిపోయిందా, లేక ఎక్కడికైనా టీకి వెళ్ళిందా, ఒక పని చెయ్యవచ్చు, మొదటి బంతికే అవుటైపోవచ్చు, బ్యాటు పక్కకి తీసి వికెట్లు వదిలేస్తే సరి, శిక్ష వేసుకున్నట్టుంటుంది, ఎవరికి లాభం, పాస్కోకి దానివల్ల ఒక్క పరుగు రాదు, తనకి మాత్రం రాత్రి నిద్ర పడుతుంది, ఓహో, ఇదీ తన కోసమేనన్నమాట, అయినా సరే, అవుటైపోవాలి, ఎడమ చేతివాడు పరుగెత్తుకొస్తున్నాడు, చెయ్యి కొంచెం కిందకి దిగింది, పాస్కో చెప్పిన బంతే ఇది, లోపలికి వస్తుంది, వదిలేస్తే మధ్య వికెట్టు ఎగిరిపోతుంది, వదిలెయ్యి, చేతులు వినలేదు, వాటంతటవే బ్యాటు దించి బంతిని మెత్తగా పక్కకి మళ్ళించాయి, అది పచ్చిక మీద జారుకుంటూ పోయి హద్దు దాటింది, నాలుగు పరుగులు, చప్పట్లు, ఛాతీ నిండా ఒక్కసారి సంతోషం పొంగింది, అడ్డూ ఆపూ లేకుండా, ఏం కొట్టాను, యాభైకి ఇంకెంత, పదమూడయింది, ముప్పయ్యేడు కావాలి, సిగ్గన్నది లేకుండా లెక్క వేసుకుంటోంది మనసు, ఆ సంతోషం చూసి ఓట్వే హడలిపోయాడు, ఎందుకంటే అది కొత్తది కాదు, పొద్దున్న పాస్కో గీత దాటి బయటికి అడుగు వేసినప్పుడు, అవమానం కంటే ముందు, భయం కంటే ముందు, లోపల కదిలింది ఇదే, ఇంకో ఆట, ఇంకో అవకాశం, ఇంకా ఉన్నాను అని, కాళ్ళు చచ్చుబడలేదు, ఎక్కడా చచ్చుబడలేదు, ఎదురుచూశాయి, పాస్కో ఉండిపోదామా అనుకుంటూ తన మొహంలోకి చూసినప్పుడు, తను నోరు విప్పకుండా, వెళ్ళు అన్నాడు, ఆయన వెళ్ళాడు.